గడ్డి మీద పడ్డ బత్తాయికి దెబ్బ ఎందుకు తగలదు? ఇంపల్స్ దగ్గర సున్నా వచ్చింది

నకిరేకల్_పోరడు | ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్తే. నేను ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ, తెలుగు మీడియం. గమన నియమాల పాఠం మీద మొన్న స్లిప్ టెస్ట్ పెట్టారు. ప్రశ్న ఇది: ఒకే ఎత్తు నుంచి వదిలిన గుడ్డు సిమెంటు నేల మీద పగులుతుంది, గడ్డి మీద పగలదు, ఎందుకు? "గడ్డి మీద పడితే ప్రచోదనం (ఇంపల్స్) తక్కువ కాబట్టి" అని రాసిన. సార్ అడ్డంగా గీత కొట్టి సున్నా వేశారు. ఎందుకు తప్పో అడుగుదామనుకునేలోపే బెల్ కొట్టారు.

మాది బత్తాయి తోట. కోత రోజుల్లో తట్టల్లో, ట్రాలీలో వరిగడ్డి పరుస్తాం. గడ్డి లేకుండా పోస్తే కాయకు లోపల దెబ్బ తగులుతుంది. పైకి ఏమీ కనబడదు, రెండు రోజులకు ఆ చోట మెత్తబడుతుంది, కొనేటాయన ధర తగ్గిస్తాడు. అంటే గడ్డి మీద ఏదో తక్కువైనట్టే కదా! ఇంపల్స్ కాకపోతే మరి తక్కువైంది ఏంది?

ఇంకో రెండు డౌట్లు ఉన్నాయి. బంతి గోడకు కొట్టుకుని అదే వేగంతో వెనక్కి వస్తే ద్రవ్యవేగంలో (మొమెంటమ్, అంటే ద్రవ్యరాశి × వేగం) మార్పు సున్నా అని రాసిన, అదీ తప్పే. ఇక ద్రవ్యవేగంలోనూ గతిజశక్తిలోనూ ఉండేవి ద్రవ్యరాశి, వేగమే. ఒకదానికి రెండు పేర్లు ఎందుకు?

హైవే65 | రాత్రి 8:52

తమ్మీ, నీ జవాబు కరెక్టే. గడ్డి మెత్తన, దెబ్బ తక్కువ. దెబ్బనే కదా ఇంపల్స్ అంటే. పేపర్ తీసుకొనిపోయి సార్‌తో మాట్లాడు.

ట్యూషన్_అక్క | రాత్రి 9:15

హైవే గారూ, పిల్లోణ్ని ఇంకో సున్నాకి పంపకండి. సార్ కొట్టేసింది సరైనదే.

చిక్కంతా "దెబ్బ" అన్న మాటలో ఉంది. ఎంత గట్టిగా తగిలిందో దాన్నీ దెబ్బ అంటాం, తగలడం వల్ల ఎంత మార్పు జరిగిందో దాన్నీ దెబ్బే అంటాం. ఫిజిక్స్‌లో మొదటిది బలం, రెండోది ప్రచోదనం. మా టెన్త్ పిల్లలు ప్రతి ఏడూ ఇక్కడే పడతారు.

నీ బత్తాయితోనే లెక్క వేద్దాం తమ్ముడూ. కాయ 200 గ్రాములు, అంటే 0.2 కి.గ్రా. 1.25 మీటర్ల ఎత్తు నుంచి వదిలావు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే నేలను చేరేసరికి వేగం సెకనుకు 5 మీటర్లు. ద్రవ్యవేగం 0.2 × 5 = 1. ఇప్పుడా కాయ ఆగాలి. సిమెంటు మీద ఆగినా, గడ్డి మీద ఆగినా, మీ అమ్మ కొంగులో ఆగినా ఆ 1 పోయి 0 కావాల్సిందే. కాబట్టి ప్రచోదనం మూడు చోట్లా 1 న్యూటన్ సెకనే.

మారేది సమయం. ప్రచోదనం అంటే బలం × సమయం, కాబట్టి సమయం పెరిగితే బలం తగ్గుతుంది. సిమెంటు మీద 0.005 సెకన్లలో ఆగితే సగటు బలం 1 ÷ 0.005 = 200 న్యూటన్లు. 20 కిలోల బియ్యం సంచి కాయ మీద పెట్టినట్టు. గడ్డి మీద 0.05 సెకన్లు పడితే 20 న్యూటన్లు, రెండు కిలోల బరువు.

అప్పు ఒకటే, కిస్తీలే వేరు.

హైవే65 | రాత్రి 9:21

లెక్క సరే అక్కా. మరి కాయకు తెలిసేది ఏంది, ఇంపల్సా, బలమా?

ట్యూషన్_అక్క | రాత్రి 9:26

మెత్తబడేది బలం వల్ల. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ బలం ఎంత చోటు మీద పడిందన్న దాన్ని బట్టి. సిమెంటు మీద కాయకు ఆనేది రూపాయి బిళ్ళంత చోటు. గడ్డిలో కాయ దిగబడుతుంది కాబట్టి అరచేయంత చోటు. అందుకని గడ్డి రెండు రకాలుగా కాపాడుతుంది. పరీక్షలో మాత్రం సమయం సంగతి రాస్తే మార్కులొస్తాయి.

పాలమూరు_మేస్త్రీ | రాత్రి 10:05

నేను చదివింది ఏడో తరగతే. మా బిడ్డ ఇంటర్ చదువుతుంది, ఆమె ఫోన్‌లో ఈ ముచ్చట చూపెట్టింది. ఆమెతోనే టైప్ చేయిస్తున్న, తప్పులుంటే ఆమెవే.

మాది మక్తల్ దిక్కు. ఇరవై ఏండ్లు పుణె, ముంబై సైట్లలో చేసిన. కొత్తగా వచ్చిన పిల్లలకు మొదలు నేర్పేది ఇటుక పట్టుడు. మీద నుంచి ఇటుక విడిస్తే చేతులు బిర్రుగ పెట్టి పట్టొద్దు. ఇటుక చేతికి తాకంగనే దానితోపాటే చేతులు కిందికి పోవాలె, ఛాతీ దగ్గర అందుకొని మోకాళ్ళ దగ్గర ఆపాలె. మొదటి రోజు ఎంత చెప్పినా వినరు, సాయంత్రానికి బొటనవేళ్ళు వాస్తయి. రెండో రోజు చెప్పకున్నా వస్తది.

కింద నుంచి పైకి ఎగరేసేటప్పుడు ఇంకో ఒడుపు ఉంది. మీద నిలబడ్డోని చేతికి వచ్చేసరికి ఇటుక సచ్చిపోవాలె. అంటే ఇంక మీదికి పోదు, కిందికి దిగదు, ఆ ఒక్క ఘడియ గాలిలో ఆగినట్టు ఉంటది చూడు, అప్పుడు పూవు తీసుకున్నట్టు తీసుకోవాలె. జోరుగ ఎగరేసేటోడు బలమున్నోడు కావచ్చుగాని పనోడు కాదు. మంచిగ ఎగరేస్తే రోజంతా పట్టినా చేతులు గుంజవు.

దీనికి కూడ మీ లెక్కలో పేరుంటదా?

చాక్‌పీస్ | రాత్రి 10:48

మేస్త్రీ గారూ, నమస్కారం. నల్లగొండలో ముప్పై ఏళ్ళకు పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. క్రికెట్ బంతి పట్టే ఉదాహరణ చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. మీ ఇటుక నాకు ముందే దొరికి ఉంటే బాగుండేది.

ఇటుక మూడు కిలోలు అనుకుందాం. 1.8 మీటర్లు దిగి వస్తే వేగం సెకనుకు 6 మీటర్లు, ద్రవ్యవేగం 18. చేతులు బిగబట్టి 0.03 సెకన్లలో ఆపితే సగటున 600 న్యూటన్లు. 60 కిలోల మనిషి మీ వేళ్ళ మీద నిలబడ్డట్టు. మీరు చెప్పినట్టు చేతుల్ని దాంతోపాటు దించి 0.3 సెకన్లు తీసుకుంటే 60 న్యూటన్లే. దీనికి ఇటుక బరువు 30 కూడా కలపాలి, ఎందుకంటే ఆపుతున్నంత సేపూ భూమి దాన్ని కిందికి లాగుతూనే ఉంటుంది. బిగబట్టి పట్టినప్పుడూ ఈ 30 ఉంటుంది, 600 పక్కన అది లెక్కకు రాదు, అంతే. ట్యూషన్ అక్క లెక్కలో ఈ సవరణ లేదు: గడ్డి మోసే బలం 20 కాదు, కాయ బరువు 2 కలిపి 22 న్యూటన్లు. ప్రచోదనం సూత్రంలో పెట్టాల్సింది ఫలిత బలం (అన్ని బలాలూ కలిపితే వచ్చేది), ఏదో ఒక్క బలం కాదు.

పైకి ఎగరేసే ఇటుకకు కూడా పేరుంది. విడిచినప్పుడు దానికి 18 ఇచ్చారు. పైకి వెళ్తుంటే గురుత్వం సెకనుకు 30 చొప్పున తినేస్తుంది. 0.6 సెకన్లలో 18 మొత్తం అయిపోతుంది. అక్కడ పట్టినవాడు తీసేయాల్సిన ద్రవ్యవేగం సున్నా. మీరు "సచ్చిపోవాలె" అన్నది ఇదే. కావాల్సిన ప్రచోదనమంతా భూమే ఇచ్చేసింది, మనిషికి మిగిలింది బరువు మోయడమే.

నకిరేకల్ బాబూ, బంతి సంగతి. ద్రవ్యవేగం సదిశ రాశి, దానికి దిశ ఉంటుంది. గోడవైపు +5 అయితే వెనక్కి −5. మార్పు (−5) − (+5) = −10, దీన్ని ద్రవ్యరాశితో గుణించాలి. సున్నా రాదు సరికదా, బంతి గోడకు అతుక్కుపోయినప్పటి కంటే రెండింతలు వస్తుంది. గోడ మొదట బంతిని ఆపాలి, తర్వాత మళ్ళీ వెనక్కి తోయాలి. రెండు పనులు.

ఇంకో మాట. న్యూటన్ 1687లో తన ప్రిన్సిపియా పుస్తకం అచ్చు వేసినప్పుడు రెండో నియమాన్ని మనం బట్టీ పట్టే "బలం = ద్రవ్యరాశి × త్వరణం" రూపంలో రాయలేదు. చలనంలో మార్పు ప్రయోగించిన బలానికి అనుపాతంలో, ఆ బలం దిశలోనే ఉంటుందన్నాడు. ఆయన చలన పరిమాణం అన్నది ద్రవ్యరాశి, వేగాల లబ్ధాన్ని, అంటే మన ద్రవ్యవేగాన్నే. మన పుస్తకాల్లో త్వరణం ముందొచ్చి ద్రవ్యవేగం వెనకపడింది. పిల్లలకు ఇది అదనపు సూత్రంలా అనిపించడానికి అదే కారణమని నా అనుమానం.

పాలమూరు_మేస్త్రీ | రాత్రి 10:59

సార్, బిడ్డ నోట్సులో రాసుకుంటుంది. దండాలు.

నకిరేకల్_పోరడు | సోమవారం, సాయంత్రం 6:30

ఈ రోజు కాలేజీ నుంచి వచ్చినంక చేసి చూసిన. మా అన్న ఫోన్‌లో స్లోమోషన్ ఉంది, సెకనుకు 240 ఫ్రేములు. 200 గ్రాముల కాయ, గోడ మీద 1.25 మీటర్ల దగ్గర బొగ్గుతో గీత. గడ్డి మీద పడ్డప్పుడు కాయ గడ్డిని తాకిన ఫ్రేము నుంచి పూర్తిగా ఆగిన ఫ్రేము దాకా 12 లెక్కపెట్టిన. సిమెంటు మీద మాత్రం లెక్కకే దొరకలే, ఒకటో రెండో ఫ్రేములు. పైగా సిమెంటు మీద కాయ మూడు వేళ్ళ ఎత్తు ఎగిరింది, స్కేలు పెడితే 5 సెంటీమీటర్లు. గడ్డి మీద అస్సలు ఎగరలే.

అమ్మ చూసి "ఆరు కాయలు ఖరాబు చేసినవ్" అన్నది. రసం చేసుకుని తాగినం.

చాక్‌పీస్ | సాయంత్రం 7:10

శభాష్. ఆ 5 సెంటీమీటర్లను వదిలేయకు, అందులోనే అసలు విషయం ఉంది.

12 ఫ్రేములంటే 12 ÷ 240 = 0.05 సెకన్లు. నిన్న అక్క అనుకున్న అంకె అనుకోకుండా నీ గడ్డికి సరిపోయింది. గడ్డి మందం మారితే ఇదీ మారుతుంది.

సిమెంటు మీద కాయ 5 సెంటీమీటర్లు ఎగిరిందంటే నేలను వదిలేటప్పుడు దాని వేగం సెకనుకు 1 మీటరు. కిందికి వచ్చింది 5తో, పైకి పోయింది 1తో. మార్పు 6, ద్రవ్యవేగంలో మార్పు 0.2 × 6 = 1.2. గడ్డి మీద 1 మాత్రమే. అంటే నీ ప్రయోగంలో రెండు ప్రచోదనాలు సమానం కావు, సిమెంటుది కొంచెం ఎక్కువ! నువ్వు రాసిన "గడ్డి మీద తక్కువ" అన్న జవాబు ఆ మేరకు నిజమే. కానీ కాయను కాపాడింది ఈ తేడా కాదు. ప్రచోదనం తగ్గింది ఆరింట ఒక వంతు. బలం? సిమెంటు మీద రెండు ఫ్రేములు అనుకున్నా 0.008 సెకన్లు, సగటున 150 న్యూటన్లు. గడ్డి మీద 22. నిజంగా తాకిన సమయం ఒక్క ఫ్రేము కంటే తక్కువ కూడా కావచ్చు, అప్పుడు బలం ఇంకా పెరుగుతుంది. దాన్ని కొలవడానికి నీ ఫోన్ చాలదు.

హైవే65 | సాయంత్రం 7:34

నిన్న తప్పు చెప్పిన, ఒప్పుకుంటున్న. కానీ ఇది మాత్రం వదల. చిట్యాల దగ్గర రోజూ చూస్తా. లారీ బైకుకు తాకితే బైకు నుజ్జునుజ్జు, లారీ బంపరుకు గీత. లారీ ఎక్కువ బలంతో కొట్టిందనేగా అర్థం? న్యూటన్ మూడో నియమం ప్రకారం రెండు బలాలూ సమానమంటే హైవే మీద బండి నడిపినోడు ఎవడూ నమ్మడు.

ట్యూషన్_అక్క | సాయంత్రం 8:02

నమ్మకపోయినా సమానమే అన్నా. లారీ బైకును ఎంత బలంతో నెట్టిందో, బైకు లారీని అంతే బలంతో, అంతే సేపు నెట్టింది. ఒకటి ఆనుకున్నంత సేపే రెండోదీ ఆనుకుంటుంది కదా. బలం సమానం, సమయం సమానం, కాబట్టి ప్రచోదనం సమానం, దిశలు ఎదురెదురు.

తేడా వచ్చేది ఆ ప్రచోదనాన్ని ఎవరు ఎంత ద్రవ్యరాశితో పంచుకుంటారన్న దగ్గర. లారీ లోడుతో 20 టన్నులు. బైకు, మనిషి కలిపి 200 కిలోలు. వంద రెట్లు. బైకు వేగం సెకనుకు 20 మీటర్లు మారితే లారీ వేగం మారేది 0.2 మీటర్లు. డ్రైవర్ చేతిలో చాయ్ కూడా ఒలకదు. బైకు మీదున్నోడి ఒంట్లో మాత్రం ప్రతి ఎముక వేగం 20 మీటర్లు మారాలి. ఒకడు లక్షలో వెయ్యి పోగొట్టుకున్నట్టు, ఇంకొకడు వెయ్యిలో వెయ్యీ పోగొట్టుకున్నట్టు.

హెల్మెట్ పెట్టుకుంటున్నారా?

హైవే65 | సాయంత్రం 8:06

చౌటుప్పల్ చెకింగ్ దాకా అయితే పెట్టుకుంటా 😅

చాక్‌పీస్ | సాయంత్రం 8:20

నవ్వే సంగతి కాదు బాబూ. హెల్మెట్‌లో పని చేసేది పైన మెరిసే చిప్ప ఒక్కటే కాదు, లోపలి థర్మాకోల్ లాంటి పొర కూడా. అది నలుగుతూ తలకు కొన్ని మిల్లీసెకన్లు సంపాదించి పెడుతుంది. మీ బత్తాయికి గడ్డి ఎట్లాగో తలకు అది అట్లా. ఒకసారి నలిగిన పొర మళ్ళీ లేవదు, గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను బాగానే ఉంది కదా అని వాడకూడదు.

మూడో డౌట్ మిగిలిపోయింది. ద్రవ్యవేగం ఉండగా గతిజశక్తి (ద్రవ్యరాశి × వేగం వర్గం, అందులో సగం) ఎందుకు? మన హైవే మీదే చెబుతాను. బైకు, మనిషి 200 కిలోలు. బ్రేకు వేస్తే రోడ్డు వెనక్కి లాగే బలం 1000 న్యూటన్లు అనుకుందాం. గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు సుమారు 11 మీటర్లు, ద్రవ్యవేగం సుమారు 2200. ఆగడానికి 2200 ÷ 1000, అంటే 2.2 సెకన్లు. 80 మీద వెళ్తే 4.4 సెకన్లు. వేగం రెట్టింపు, సమయం రెట్టింపు.

దూరం చూడండి. 40 మీద సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. 80 మీద 49 మీటర్లు. నాలుగు రెట్లు! ఎంతసేపట్లో ఆగుతుందని అడిగితే జవాబు ద్రవ్యవేగం దగ్గర దొరుకుతుంది. ఎంత దూరంలో అని అడిగితే గతిజశక్తి దగ్గర. బలాన్ని సమయంతో గుణిస్తే మొదటిది మారుతుంది, దూరంతో గుణిస్తే రెండోది. రెండు వేర్వేరు ఖాతాలు.

తుపాకీ సంగతీ ఇంతే. 10 గ్రాముల గుండు సెకనుకు 400 మీటర్లతో పోతే ద్రవ్యవేగం 4. నాలుగు కిలోల తుపాకీ సెకనుకు 1 మీటరుతో వెనక్కి తన్నుతుంది, అదీ 4. కానీ గుండు గతిజశక్తి 800 జౌళ్ళు, తుపాకీది 2 జౌళ్ళు. కాల్చినవాడు భుజం రుద్దుకుంటాడు, తగిలినవాడి గతి వేరు.

గోటీలాట | రాత్రి 9:03

ఇన్ని రోజులు చదువుతున్నా గాని రాయలే. చిన్నప్పుడు కల్వకుర్తిలో గోటీలు ఆడేటోళ్ళం. ఆగి ఉన్న గోటీని సూటిగా కొడితే మన గోటీ అక్కడే నిలబడిపోతది, అవతలి గోటీ అదే జోరుతో పోతది. దానికి చాలా ప్రాక్టీస్ చేసేది. ద్రవ్యవేగం నిత్యత్వమే (అంటే రెండింటిదీ కలిపి మొత్తం మారకపోవుడే) అయితే రెండూ సగం సగం జోరుతో పోవచ్చు కదా, లెక్క సరిపోతుంది. ఎందుకు పోవు?

చాక్‌పీస్ | రాత్రి 9:30

ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ఇరవై గోటీలు బాకీ.

గోటీ 2తో వచ్చిందనుకోండి, రెండోది ఆగి ఉంది. రెండూ 1, 1తో పోయినా ద్రవ్యవేగం లెక్క సరిపోతుంది. కానీ శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కదా: మొదట 4, తర్వాత 1 + 1 = 2. సగం మాయం. గాజు గోటీలు నొక్కుకుపోయి మళ్ళీ దాదాపు పూర్తిగా విచ్చుకుంటాయి, అంత శక్తిని మింగేసే దారి వాటికి లేదు. రెండు ఖాతాలూ సరిపోయేది ఒక్క తీరులోనే, మొదటిది ఆగిపోయి రెండోది 2తో పోవాలి. గోటీల బదులు తడి మట్టి ముద్దలు తీసుకోండి. అవి అతుక్కుని 1తో కలిసి పోతాయి, పోయిన సగం మట్టిని నలపడానికి, వేడికి ఖర్చవుతుంది. మొదటిది స్థితిస్థాపక అభిఘాతం, రెండోది అస్థితిస్థాపకం. శక్తి ఖాతా చిల్లుపడ్డా ద్రవ్యవేగం ఖాతా రెండింట్లోనూ సరిపోతుంది.

దీని మీద పెద్దపెద్దవాళ్ళే తికమకపడ్డారు. ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ చలన పరిమాణం అన్నాడు గాని దిశ లెక్కలోకి తీసుకోలేదు, నకిరేకల్ బాబు గోడ దగ్గర చేసిన తప్పే అది. 1668లో లండన్ రాయల్ సొసైటీ ఢీకొనే వస్తువుల నియమాలు చెప్పమని అడిగితే వాలిస్, రెన్, హైగెన్స్ ముగ్గురూ జవాబులు పంపారు. దిశను కూడా లెక్కలో కలిపాకే సంగతి కొలిక్కి వచ్చింది. కాబట్టి బాబూ, ఆ సున్నాకు మరీ సిగ్గుపడకు.

బస్సు_మామ | రాత్రి 10:12

నేను అచ్చంపేట వైపు కండక్టర్‌ని. మన్ననూరు దాటి శ్రీశైలం పోయే ఘాట్‌లో మలుపు తిరిగేటప్పుడు డ్రైవర్ స్పీడు మార్చడు, అయినా నిలబడ్డోళ్ళంతా ఒక పక్కకు ఒరుగుతారు. స్పీడు మారకుంటే మొమెంటమ్ మారనట్టే కదా, మరి ఈ గుంజుడు ఎక్కడిది సార్?

ట్యూషన్_అక్క | రాత్రి 10:25

ఇది నేను చెప్తా సార్. మామా, ఇదీ గోడ బంతి లెక్కే. స్పీడు అంతే ఉన్నా దిశ మారింది. హెయిర్‌పిన్ మలుపులో బస్సు పూర్తిగా వెనక్కి తిరుగుతుంది. సెకనుకు 8 మీటర్లతో వెళ్ళే 60 కిలోల మనిషి ద్రవ్యవేగం 480 నుంచి −480 అవుతుంది, మార్పు 960. మలుపుకు 8 సెకన్లు పడితే సగటున 120 న్యూటన్లు, 12 కిలోల బరువు. అంత బలం రాడ్డు పట్టుకున్న చేయీ, చెప్పుల కింది ఫ్లోరూ కలిసి ఇవ్వాలి. బస్సుకు ఇచ్చేది టైర్ల కింద రోడ్డు. నిలబడ్డ మనిషి ఒంటికి ఆ బలం అందేదాకా అది పాత దిశలోనే పోతుంటుంది, మనకు ఒరిగినట్టు అనిపిస్తుంది.

బస్సు_మామ | రాత్రి 10:31

అందుకేనేమో టికెట్ కొట్టేటప్పుడు నేను సీటుకు నడుము ఆనించి నిలబడతా. నేర్పినోడు ఎవడూ లేడు.

నకిరేకల్_పోరడు | మంగళవారం, రాత్రి 9:20

సార్ ఈ రోజు మళ్ళీ అదే మాదిరి ప్రశ్న ఇచ్చారు. 0.15 కిలోల బంతి సెకనుకు 20 మీటర్లతో వచ్చి బ్యాట్‌కు తగిలి 30తో వెనక్కి పోయింది, తాకిన సమయం 0.01 సెకను, బలం ఎంత? నేను 0.15 × 50 = 7.5, దాన్ని 0.01తో భాగిస్తే 750 న్యూటన్లు అని రాసిన. రెండుకు ఒకటిన్నర వచ్చింది. అర మార్కు ఎందుకు పోయిందో తెలుస్తలేదు.

చాక్‌పీస్ | రాత్రి 9:34

బంతి వచ్చే దిశను ధనం అని రాసుకున్నావా?

నకిరేకల్_పోరడు | రాత్రి 9:36

రాసిన సార్. +20, −30 అని.

పాలమూరు_మేస్త్రీ | రాత్రి 9:38

నేను మేస్త్రీ గారి బిడ్డను. వచ్చే దిశ ప్లస్ అయితే బలం −750 రావాలి కదా, మైనస్ పెట్టలేదేమో?

నకిరేకల్_పోరడు | రాత్రి 9:41

అవును, పెట్టలే 😭